ఎంపీసీనా, బైపీసీనా: ఇంట్లో ఒక మాట, మనసులో ఒక మాట ఉన్నప్పుడు గ్రూపు ఎలా తేల్చుకోవాలి

పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు కాకముందే జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇంటికి రావడం మొదలవుతుంది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు అడిగేదీ అదే: "ఏం తీసుకుంటున్నావ్, ఎంపీసీనా బైపీసీనా?" నువ్వు నోరు తెరిచేలోపే నాన్నో అమ్మో జవాబు చెప్పేస్తారు. ఆ జవాబూ నీ మనసులో ఉన్నదీ ఒకటే అయితే పేచీ లేదు. వేరే అయితే, లేదా నీ మనసులో ఏముందో నీకే తేలకపోతే, ఇక్కడ రాసిందంతా నీ కోసమే.

"డాక్టర్ అవుతావా, ఇంజినీర్ అవుతావా" అని అడిగితే పదిహేనేళ్ల వయసులో ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు. ఆ రెండు పనులూ నువ్వు దగ్గరి నుంచి చూసి ఉండవు. సీటు నీ చేతిలోనూ లేదు, మీ నాన్న చేతిలోనూ లేదు, ర్యాంకు చేతిలో ఉంది. అందుకని ప్రశ్ననే మార్చుకో. రెండేళ్లపాటు రోజూ ఏ సబ్జెక్టుతో విసుగు లేకుండా కూర్చోగలను? అనుకున్న సీటు రాకపోతే ఆ గ్రూపులో మిగిలే దారులు నాకు సమ్మతమేనా? ఈ రెండింటికీ జవాబు కనిపెట్టొచ్చు. మూడు వారాలు పడుతుంది. పది పరీక్షలు అయ్యాక ఫలితాలు వచ్చేదాకా దొరికే ఖాళీ అందుకు సరిపోతుంది.

కావలసినవి: ఒక లాంగ్ నోటుబుక్కు, ఇంటర్ చదివిన అక్కనో అన్ననో అడిగి తెచ్చుకున్న మొదటి సంవత్సరం మ్యాథ్స్, ఫిజిక్స్ పుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ పుస్తకం. ఈ చివరిది ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. మెడికల్ సీట్ల కోసం రాసే నీట్ పరీక్షలో బయాలజీకి ఆధారం అదే కాబట్టి దాన్నే చూడాలి.

1. ఒత్తిడి వెనక ఏముందో ముందు కనుక్కో

ఇంట్లో "బైపీసీ తీసుకో" అన్న మాట ఒకటే అయినా దాని వెనక కారణాలు ఒకటి కావు. ఒక ఇంట్లో తాతగారికి సమయానికి వైద్యం అందలేదన్న బాధ ఉంటుంది. ఒక ఇంట్లో నాన్న తను చదవాలనుకుని చదవలేకపోయిన చదువు అది. ఇంకోచోట పెదనాన్న కొడుకు మెడిసిన్‌లో చేరాడు. మరోచోట పీఆర్వోకి ఇప్పటికే పదివేలు అడ్వాన్స్ ఇచ్చేశారు, ఇప్పుడు వెనక్కి తగ్గడం మాట పోవడమని అనుకుంటున్నారు. ఎంపీసీ ఒత్తిడి వెనక ఎక్కువగా ఉండేది తొందర: నాలుగేళ్లలో బీటెక్, వెంటనే ఉద్యోగం, ఇంటి అప్పు తీరాలి. ఆడపిల్లల విషయంలో ఇది రెండువైపులా లాగుతుంది. "ఆడపిల్లకి డాక్టర్ అయితే బాగుంటుంది" అనేవాళ్లూ ఉంటారు, "అన్నేళ్లు చదివితే పెళ్లెప్పుడు" అనేవాళ్లూ ఉంటారు.

ఎదురు వాదించకుండా అమ్మనీ నాన్ననీ విడివిడిగా ఒక్క ప్రశ్న అడుగు: "నేను అది తీసుకుంటే ఏం బాగుంటుందనుకుంటున్నారు?" వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకో. ఇద్దరూ చెప్పింది ఒకటి కాకపోవచ్చు, అది చాలా పనికొచ్చే సంగతి. నువ్వు తర్వాత జవాబు చెప్పాల్సింది "బైపీసీ" అన్న మాటకు కాదు, దాని వెనకున్న ఈ మాటలకు.

2. గ్రూపు లోపల ఏముందో తెలుసుకో

ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండు గ్రూపుల్లోనూ ఉన్నాయి. తేడా అంతా లెక్కలా, బయాలజీయా అన్న దగ్గరే. ఇది చాలామంది మరిచిపోతారు. "లెక్కలు రావు కాబట్టి బైపీసీ" అనుకుని చేరినవాళ్లకి మొదటి దెబ్బ తగిలేది ఫిజిక్స్‌లో. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీ 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 పోతుంది. బయాలజీ బాగా చదివేవాళ్లు లక్షల్లో ఉంటారు, వాళ్ల మధ్య ర్యాంకును విడదీసేది ఎక్కువగా ఫిజిక్సే. అందులో సైన్‌లు, కాస్‌లు, వెక్టర్లు, గ్రాఫులు అన్నీ వస్తాయి. బైపీసీలో చేరితే వాటిని నేర్పే లెక్కల క్లాసు ఉండదు, ఫిజిక్స్ సారు రెండు వారాల్లో పరుగెత్తిస్తారు.

అటువైపు పొరపాటు కూడా ఉంది: "బొమ్మలు గీయడం రాదు, బట్టీ రాదు, అందుకే ఎంపీసీ." రెండు తెలుగు రాష్ట్రాల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్ పేపరు 160 మార్కులు, అందులో లెక్కలే 80. మూడు గంటల్లో 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి ఒక నిమిషం చిల్లర. జేఈఈ మెయిన్ 75 ప్రశ్నలకు 300 మార్కులు, తప్పుకు కోత ఉంటుంది. లెక్కలంటే ఇష్టం లేనివాళ్లకు ఆ రెండేళ్లు నరకం.

3. పద్నాలుగు రోజుల పరీక్ష

అన్నిటికంటే ముఖ్యమైన అంచె ఇదే, దీన్ని దాటేయకు. ఇంట్లో మాట్లాడేటప్పుడు నీ చేతిలో ఉండే ఒకే ఒక సాక్ష్యం ఈ నోటుబుక్కు.

రోజుకు మూడు గంటలు, పొద్దున ఒకటిన్నర, సాయంత్రం ఒకటిన్నర. ఫోను వేరే గదిలో. పేజీకి నాలుగు గళ్లు గీసుకో: కూర్చున్న టైము, లేచిన టైము, ఎన్ని పేజీలు లేదా ఎన్ని లెక్కలు, రేపు మళ్లీ కూర్చోవాలని ఉందా లేదా. చివరి గడిలో అవును, కాదు అని ఒక్క మాటే రాయి, అదీ లేచిన వెంటనే రాయి. రాత్రికి రాస్తే ఇంట్లోవాళ్ల మొహాలు చూసి జవాబు మారిపోతుంది.

మొదటి ఐదు రోజులు లెక్కలు. ఇంటర్ మ్యాథ్స్‌లో సరళరేఖ పాఠం తీసుకో. పదిలో చదివిన నిరూపక జ్యామితికి అది కొనసాగింపు, కాబట్టి ఎవరూ చెప్పకుండా సగమైనా అర్థమవుతుంది. రోజుకు ఎనిమిది లెక్కలు. ఒక్కో లెక్కకు ఇరవై నిమిషాలయ్యేదాకా వెనక జవాబు చూడొద్దు, యూట్యూబ్ చూడొద్దు. ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ లెక్క కాదు, నలభైలో పదిహేను సొంతంగా వచ్చినా తక్కువేమీ కాదు. రాని లెక్క దగ్గర ఆ ఇరవై నిమిషాలూ ఏం చేశావన్నదే చూసుకోవాలి. బొమ్మ మళ్లీ గీశావా, ఇంకో పద్ధతి పట్టావా, లేక గడియారం చూస్తూ కూర్చున్నావా? భోజనం చేస్తూ కూడా ఆ లెక్కే తలలో తిరిగిందంటే, నీకు మార్కులు ఎన్ని వచ్చినా సరే, లెక్కలు నీకు పడతాయి.

తర్వాత ఐదు రోజులు బయాలజీ. ఇక్కడ ఒక కిటుకు ఉంది. "నాకు బయాలజీ ఇష్టం" అనే పిల్లల్లో చాలామందికి ఇష్టమైనది మనిషి శరీరం. కానీ బయాలజీలో సగం మొక్కలు. అందుకని రెండూ చదవాలి. మూడు రోజులు శరీర ద్రవాలు, ప్రసరణ పాఠం: గుండె నిలువుకోత బొమ్మ చూసి ఒకసారి గీయి, పుస్తకం మూసి ఒకసారి గీయి. నాలుగు గదులు, కవాటాలు, సైనో ఏట్రియల్ నోడ్ కుడి కర్ణికలో ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టు. తర్వాత రెండు రోజులు మొక్కల రాజ్యం పాఠం: మార్కాన్షియా, ఫ్యునేరియా, సెలాజినెల్లా, సైకస్, ఏది ఏ తరగతిదో, దేనికి విత్తనం ఉందో, దేనికి లేదో. మూడు రోజుల తర్వాత పుస్తకం తెరవకుండా గుర్తున్నదంతా ఒక పేజీ రాయి. సగం గుర్తుంటే బాగున్నట్టే. గుండె పాఠం హాయిగా సాగి మొక్కల పాఠం దగ్గర పుస్తకం విసిరేయాలనిపిస్తే, ఆ మాట నిజాయితీగా రాసుకో. నీట్ దాకా ఆ విసుగును మోయగలవా అని నిన్ను నువ్వు అడుక్కోవాలి.

చివరి నాలుగు రోజులు ఫిజిక్స్. సమతలంలో చలనం పాఠం. సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల కోణంలో విసిరిన బంతి ఎంత ఎత్తుకు వెళ్తుంది, ఎంతసేపటికి కింద పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుంటే ఎత్తు 5 మీటర్లు, సమయం 2 సెకన్లు రావాలి. వేగాన్ని అడ్డంగా, నిలువుగా విడదీయడం దగ్గరే అంతా ఉంది. అది అర్థమయ్యి ఇలాంటివి పది చేయగలిగితే రెండు గ్రూపుల్లో ఏది తీసుకున్నా ఫిజిక్స్‌తో నెగ్గుకొస్తావు. నాలుగు రోజులు కష్టపడినా ఒక్కటీ కొరుకుడు పడకపోతే, బైపీసీకి పారిపోవడం దానికి మందు కాదు. పాత లెక్కల సారు దగ్గర నెల రోజులు త్రికోణమితి, గ్రాఫులు సరిచేయించుకోవడం మందు.

ఈ పద్నాలుగు రోజుల్లోనే రెండు పూటలు బయటికి వెళ్లు. ఒక పొద్దున దగ్గరలోని ఏరియా ఆసుపత్రిలో ఓపీ దగ్గర తొమ్మిది నుంచి పన్నెండు దాకా కూర్చుని చూడు: ఎంతమంది వస్తున్నారు, డాక్టర్ ఒక్కొక్కరితో ఎంతసేపు మాట్లాడుతున్నారు, ఎన్నిసార్లు అదే ప్రశ్న అడుగుతున్నారు. తెలిసిన హౌస్‌సర్జన్ ఉంటే నైట్ డ్యూటీ గురించి అడుగు. ఇంకో సాయంత్రం బీటెక్ మూడో ఏడాది చదివే ఎవరి పక్కనైనా ఒక గంట కూర్చో, అసైన్‌మెంట్ ప్రోగ్రాములో తప్పు వెతుకుతుంటే చూడు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయన్న ఒక్క కారణంతో మెడిసిన్ వదులుకోవద్దు. అనాటమీ హాల్లో మొదటి వారం తల తిరిగి కూర్చుండిపోయినవాళ్లు కూడా తర్వాత సర్దుకుంటారు. రోజంతా మనుషుల బాధలు వింటే చిరాకొచ్చే స్వభావమైతే మాత్రం ఆలోచించాలి. అది అంత తేలిగ్గా మారదు.

4. సీటు రాకపోతే? అక్కడి నుంచి వెనక్కి లెక్కవేయి

గ్రూపును పైనున్న సీటు చూసి ఎంచుకోవద్దు, ఆ సీటు తప్పితే కింద ఏముందో చూసి ఎంచుకో. చాలా ఇళ్లలో ఈ ముక్క ఎవరూ మాట్లాడరు.

2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. అర్హత సాధించినవాళ్లు 12 లక్షల పైనే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు, అందులో దాదాపు సగం ప్రైవేటు కాలేజీలవి. అంటే "నీట్ క్వాలిఫై" అయినవాళ్లలో పదిమందికి ఒక్క సీటు. కాలేజీ ఫ్లెక్సీ మీద "ఇంతమంది క్వాలిఫైడ్" అని రాస్తే ఆ అంకెను పట్టించుకోకు. మా సెక్షన్‌లాంటి సెక్షన్ నుంచి ఎంతమందికి కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద తక్కువ ఫీజుతో, సీటు వచ్చిందని అడుగు.

ఎంబీబీఎస్ తప్పితే బైపీసీలో ఏముంది? బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, వెటర్నరీ, బీఎస్సీ అగ్రికల్చర్, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మ్ డి, బీఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ. అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతో వస్తాయి. బీటెక్ బయోటెక్నాలజీలో కూడా బైపీసీవాళ్లకు సీట్లు ఉంటాయి. తిరుపతిలోని ఐసర్ లాంటి చోట్ల మూలవిజ్ఞానం చదవాలంటే రెండు గ్రూపులవాళ్లూ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఈ పేర్లను ఒక్కొక్కటిగా చదివి, "ఇది వస్తే ఇష్టంగా చేరతాను" అనుకున్నవాటికి టిక్కు పెట్టు. మూడు టిక్కులు పడితే బైపీసీ నీకు క్షేమం. ఎంబీబీఎస్ తప్ప దేనికీ టిక్కు పడకపోతే, నువ్వు తీసుకుంటున్నది గ్రూపు కాదు, ఒకే ఒక్క పరీక్ష మీద పందెం. నీట్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. తప్పితే లాంగ్ టర్మ్, అంటే ఇంకో ఏడాది కోచింగ్; మళ్లీ తప్పితే ఇంకో లాంగ్ టర్మ్. ఎన్నిసార్లు రాయాలో పరిమితి లేదు కాబట్టి ఆపమని చెప్పేవాళ్లూ ఉండరు.

ఎంపీసీలో మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఐఐటీ సీట్లు 18 వేల చిల్లర, వాటికోసం పోటీ తీవ్రం. అది తప్పితే ఎన్ఐటీలు, తర్వాత యూనివర్సిటీ కాలేజీలు, తర్వాత ప్రైవేటు కాలేజీలు. ఆర్కిటెక్చర్, ఎన్‌డీఏ, మర్చంట్ నేవీ, స్టాటిస్టిక్స్ కూడా ఇటే. ఏదో ఒక కాలేజీలో బీటెక్ సీటు దాదాపు ఖాయంగా దొరుకుతుంది, ప్రమాదమూ అక్కడే ఉంది. సీటు తేలిగ్గా వచ్చిందని ఇష్టం లేకుండా చేరినవాళ్లు మొదటి ఏడాది మ్యాథ్స్ బ్యాక్‌లాగులతోనే నాలుగేళ్లూ గడుపుతారు.

పరీక్షలో రెండూ నీకు పడలేదని తేలితే అదీ ఒక ఫలితమే. కామర్స్, ఎకనామిక్స్ ఉండే ఎంఈసీ, సీఈసీ గ్రూపులు ఉన్నాయి. చేతిపని, యంత్రాలు ఇష్టమైతే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు.

5. ఏళ్లూ డబ్బూ ఒకే కాగితం మీద

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. పీజీ మూడేళ్లు. మధ్యలో ఒక లాంగ్ టర్మ్, పీజీ ఎంట్రన్స్‌కు ఒక ఏడాది కలిపితే స్పెషలిస్టు అయ్యేసరికి ఇరవై ఎనిమిదో, ఇరవై తొమ్మిదో వస్తాయి. బీటెక్ ఇరవై రెండుకు అయిపోతుంది. చెల్లి పెళ్లి, నాన్న రిటైర్మెంట్ ఏ ఏడాదిలో పడతాయో ఆ కాగితం మీదే రాయి.

ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా, 35 శాతం బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా), 15 శాతం ఎన్నారై కోటా. ప్రభుత్వ కాలేజీలోనూ కన్వీనర్ కోటాలోనూ ఫీజు మధ్యతరగతి ఇల్లు భరించగలిగేదే. బీ కేటగిరీ అంటే ఏడాదికి 12 లక్షల చుట్టూ ఉంటుంది. నాలుగున్నరేళ్లకు 54 లక్షలు, హాస్టల్ వేరే. ఎన్నారై కోటా దానికి రెట్టింపు, కొన్నిచోట్ల అంతకు మించి. కచ్చితమైన అంకె కావాలంటే ఆ ఏడాది ఫీజుల జీవో చూడాలి, ఏజెంట్ మాట నమ్మొద్దు. చదువు అప్పు 7.5 లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి.

"ఇక్కడ రాకపోతే విదేశంలో చదివిద్దాం" అని ఎవరైనా అంటే మూడు సంగతులు రాసిపెట్టు. దానికీ నీట్ అర్హత ఉండాల్సిందే. కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీషులో ఉండాలి, అక్కడొక ఏడాది, ఇక్కడొక ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక 300 మార్కుల స్క్రీనింగ్ పరీక్షలో 150 తెచ్చుకోవాలి, అందులో పాసయ్యేవాళ్లకంటే తప్పేవాళ్లే ఎక్కువ.

6. ఇంట్లో కూర్చుని మాట్లాడడం

ఫలితాల రోజు వద్దు. చుట్టాల ముందు వద్దు. అన్నం తినేటప్పుడు అసలే వద్దు. ఆదివారం పొద్దున కాఫీలయ్యాక, అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నప్పుడు కూర్చో. ముందురోజే చెప్పి ఉంచు: "నాన్నా, రేపు నాకు అరగంట కావాలి. గ్రూపు గురించి రాసి పెట్టుకున్నాను, చూద్దురుగాని."

చేతిలో ఒకే ఒక పేజీ ఉండాలి. మొదట నువ్వు అడుగుతున్నదేమిటో ఒక్క వాక్యం. కింద పద్నాలుగు రోజుల ఫలితం, పక్కన నోటుబుక్కు. ఆ కింద సీటు వస్తే ఏమిటి, రాకపోతే ఏ మూడు దారులు. తర్వాత ఖర్చు. చివర ఒక తేదీ: "చేరాక రెండున్నర నెలలకు, తొలి పరీక్షల మార్కులు చూసి మళ్లీ మాట్లాడుకుందాం." పెద్దవాళ్లను ఒప్పించేది ఎక్కువసార్లు ఈ చివరి గీతే. వెనక్కి వచ్చే దారి ఉందని తెలిస్తే వాళ్ల భయం సగం తగ్గుతుంది.

వాళ్లు అనే మాటలకు సిద్ధంగా ఉండు. "డాక్టరైతే ఆ గౌరవమే వేరు" అంటే, కాదనకు. "నిజమే నాన్నా. ఆ గౌరవం పీజీ అయ్యాక వస్తుంది, అప్పటికి నాకు ముప్ఫై దగ్గర పడతాయి. మొక్కల పాఠం రెండు రోజులు చదివితేనే నాకిలా ఉంది, చూడండి" అని నోటుబుక్కు తిప్పి చూపించు. "సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు పోతున్నాయి" అంటే, "ఎంపీసీ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదమ్మా" అని నువ్వు టిక్కు పెట్టినవి చదివి వినిపించు. "చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అంటే కోపం తెచ్చుకోకు, "అందుకే నోటితో చెప్పకుండా రాసి తెచ్చాను" అను. "అడ్వాన్స్ కట్టేశాం" అన్నదానికి జవాబు చాలా తేలిక: ఆ కాలేజీలో రెండు గ్రూపులూ ఉంటాయి, పీఆర్వోకి ఫోన్ చేసి గ్రూపు మార్చమంటే ఆ డబ్బును చాలాచోట్ల సర్దుతారు.

మాట పెరుగుతుంటే ఆపేసి, పేజీ వాళ్ల దగ్గరే వదిలెయ్. రెండు రోజులు టీవీ పక్కన పడి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నాన్న తీసి చదువుతారు. సాయం కావాలంటే ఒక్కరినే పిలువు: నాన్న మాట కొట్టేయని మేనమామనో, నిన్ను మూడేళ్లు చూసిన స్కూలు లెక్కల సారునో. నలుగురిని పోగేస్తే పంచాయితీ అవుతుంది, నాన్న పట్టుదల ఇంకా పెరుగుతుంది.

అన్నం మానేయడం, కావాలని మార్కులు తగ్గించుకోవడం లాంటివి చేయొద్దు. తగ్గిన మార్కులతో రెండు దారులూ మూసుకుంటాయి, "చూశావా, వీడు చదవడు" అన్న మాటకు బలం వస్తుంది.

7. అయినా ఒప్పుకోకపోతే

అప్పుడు పోయేది ఒక్క సబ్జెక్టే అని గుర్తుపెట్టుకో. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎటూ నీతోనే ఉన్నాయి. ఎంపీసీలో చేర్పించారు, నీకు మెడిసిన్ మీదే మనసుంది అనుకో. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్లు నీట్ రాయవచ్చని జాతీయ మెడికల్ కమిషన్ 2023 నవంబరులో స్పష్టంగా ప్రకటించింది. నీట్‌కు గరిష్ఠ వయసు కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2025-26 నుంచి ఇంటర్‌లో లెక్కలూ బయాలజీ రెండూ తీసుకునే వీలుంది. పద్నాలుగు రోజుల పరీక్షలో రెండూ బాగా సాగినవాళ్లకే అది మంచిది. ఇంట్లో ఇద్దరి మాటా నిలబెట్టడానికి తీసుకుంటే రెండు ఎంట్రన్సుల బరువూ నీ మీదే పడుతుంది.

ఇంట్లో చెప్పిన గ్రూపులో చేరాల్సి వస్తే, తిరిగి మాట్లాడుకునే తేదీనైనా ఒప్పించుకో. హాస్టల్ కాకుండా డే స్కాలర్‌గా చేర్చమని అడుగు. గ్రూపు విషయంలో ఒప్పుకోనివాళ్లు కూడా ఈ రెండు మాటలకు తరచూ సరేనంటారు.

8. చేరే రోజు, చేరాక

ఫారంలో గ్రూపు దగ్గర ఏం రాశారో నువ్వే చదువు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకో. ఒరిజినల్ మెమో, టీసీ ఇచ్చేముందు రెండేసి జిరాక్సులు తీయించు. గ్రూపు మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఏదని ప్రిన్సిపాల్‌నే అడిగి క్యాలెండర్ మీద రాయి. మీరు తిరిగి మాట్లాడుకునే తేదీ దానికంటే కనీసం పది రోజుల ముందు పడాలి.

ఆ తేదీ వచ్చినప్పుడు మార్కుల్ని ఇలా చదువు. ఫిజిక్స్ ఒక్కటే పడిపోతుంటే గ్రూపు మార్చి లాభం లేదు, అటు వెళ్లినా అదే ఫిజిక్స్. ఫిజిక్స్, కెమిస్ట్రీ బాగానే ఉండి లెక్కలో బయాలజీయో ఒక్కటే కూలుతుంటే అది గ్రూపు తేడా, మార్చుకో. అన్నీ ఒకేసారి పడిపోయి, నిద్ర పట్టక, తిండి సహించక, ఆదివారం ఫోన్లో అమ్మ గొంతు వినగానే ఏడుపొస్తుంటే అది గ్రూపు తప్పు కాదు, హాస్టల్‌దో సెక్షన్‌దో. అప్పుడు ఇంటికి దగ్గరగా, డే స్కాలర్‌గా మారడమే పని.

చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకు. పక్క మంచం మీది స్నేహితుడిని లేపు, వార్డెన్ ఫోన్ అడిగి ఇంటికి చెయ్, లేదా 14416కు చెయ్. అది టెలీ మానస్, ఏ వేళైనా పలుకుతుంది, డబ్బు తీసుకోదు, తెలుగులో మాట్లాడతారు. మర్నాడు బస్సెక్కి ఇంటికి వచ్చెయ్. గ్రూపు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.